నటాల్, నటాలియా, క్వాజులు

దక్షిణాఫ్రికా తూర్పు తీరాన, హిందూ మహాసముద్రానికీ డ్రాకెన్స్‌బర్గ్ పర్వతశ్రేణికీ నడుమ 94,361 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ప్రావిన్సును నేటి రాజ్యాంగం క్వాజులు-నటాల్ అని పేర్కొంటుంది. 2022 జనగణన ప్రకారం కోటీ ఇరవై నాలుగు లక్షల మంది నివసించే ఈ ప్రాంతంలో అత్యధికుల మాతృభాష జులు. ఇంగ్లీషు, షోసా, ఆఫ్రికాన్స్ భాషలు మాట్లాడేవారు కూడా ఉన్నారు. పేరులోని మొదటి సగం జులు భాషా వ్యాకరణంలో పుట్టింది. రెండో సగాన్ని మాత్రం అక్కడ ఒక్క ఊరైనా స్థాపించని పోర్చుగీసు నావికులు ఓడ మీది నుంచే పెట్టి వెళ్లిపోయారు. ఆ రెండింటినీ కలిపిన హైఫన్ వయసు సుమారు ముప్పై ఏళ్లు, అంతే. ఒక పరిపాలనా విభాగానికి భాషకొక పేరు ఎందుకు ఉంటుందో, ఆ పేర్లలో ఏది ఎప్పుడు అధికారికమవుతుందో తెలుసుకోవడానికి ఆఫ్రికా ఖండంలో ఇంతకన్నా అనువైన ఉదాహరణ దొరకడం కష్టం.

దక్షిణాఫ్రికాలో తొమ్మిది ప్రావిన్సులు ఉన్నాయి. 1996 నాటి రాజ్యాంగం పదకొండు భాషలను అధికార భాషలుగా గుర్తించగా, 2023లో దక్షిణాఫ్రికా సంజ్ఞా భాష పన్నెండోదిగా చేరింది. రాజ్యాంగాన్నే వివిధ భాషల్లో ప్రచురించే దేశం కనుక ప్రతి ప్రావిన్సు పేరూ ఒక్కో భాషా పాఠంలో ఒక్కో రూపం ధరించక తప్పదు. ఆ రూపాలన్నీ ఒకే విధంగా ఏర్పడినవి కావు. కొన్ని చోట్ల పేరు అర్థాన్ని తీసుకొని తమ భాషలో చెప్పుకుంటారు; కొన్ని చోట్ల అర్థంతో పని లేకుండా ధ్వనిని మాత్రం తమ నోటికి అనువుగా మలచుకుంటారు; మరికొన్ని చోట్ల పై రెండింటితోనూ సంబంధం లేని, తమ పూర్వీకుల నుంచి వచ్చిన వేరే పేరునే వాడుతూ ఉంటారు. మొదటి రెండు రకాలను భాషాశాస్త్రానికి వదిలివేయవచ్చు గానీ, మూడో రకం పేర్లు తేలాలంటే చరిత్రను తిరగవేయవలసిందే.

నటాల్ అనే మాటకు పోర్చుగీసు భాషలో క్రిస్మస్ పండుగ అని అర్థం. దానికి మూలమైన లాటిన్ పదం పుట్టుకకు సంబంధించినది. భారతదేశానికి సముద్రమార్గం వెతుకుతూ 1497లో ఆఫ్రికా దక్షిణ కొనను చుట్టి వచ్చిన వాస్కో డ గామా నౌకాబృందం, డిసెంబరు 25 ప్రాంతంలో తమ ఎడమవైపు కనిపించిన తీరానికి ఆ పండుగ పేరు పెట్టింది. పంచాంగంలో ఆ రోజు ఏ పండుగ ఉంటే, ఏ సాధువు స్మరణదినం వస్తే ఆ పేరును కనిపించిన అఖాతానికో అగ్రానికో తగిలించడం ఆనాటి పోర్చుగీసు నావికుల అలవాటు. బ్రెజిల్ ఈశాన్య తీరాన ఉన్న నటాల్ నగరానికీ క్రిస్మస్ పేరే ఉంది. అయితే ఆఫ్రికా తీరాన పేరు పడిన చోటు, నేడు ఆ పేరు మోస్తున్న చోటు ఒకటి కాకపోవచ్చు. ప్రయాణ వేగాన్నీ దూరాన్నీ లెక్కవేసిన పరిశోధకులు, ఆ పండుగ రోజుకు నౌకలు ఇంకా దక్షిణాన, ఇప్పటి ఈస్టర్న్ కేప్ ప్రావిన్సులోని పోండోలాండ్ తీరం పక్కనే ఉండి ఉండాలని భావించారు. తర్వాతి తరాల పటకారులు ఆ పేరును క్రమంగా ఉత్తరానికి జరుపుతూ పోగా, చివరికి అది నేటి డర్బన్ అఖాతం దగ్గర స్థిరపడింది. ఎవరూ దిగని నేలకు ఎవరూ అడగని పేరు పెట్టి, పైగా దానిని తప్పుచోట అతికించినా, దాదాపు ఐదు వందల ఏళ్లపాటు ఆ పేరే చెల్లుబాటు అయింది. పటానికి ఉన్న అధికారం అటువంటిది.

ఆ కాలంలో ఈ ప్రాంతమంతటికీ స్థానికుల వాడుకలో ఒకే పేరు ఉండవలసిన అవసరమే లేదు. న్గూని భాషలు మాట్లాడే జనం, అంటే జులు, షోసా, స్వాజీ, న్డెబెలె భాషల కుటుంబానికి చెందినవారు, నేలను ప్రధానంగా దాని మీద నివసించే వంశం పేరుతోనో, ఆ వంశపు పెద్ద పేరుతోనో, పక్కనున్న నది పేరుతోనో పిలుచుకునేవారు. సరిహద్దులు గీసి లోపలి భాగానికంతటికీ ఒకే పేరు పెట్టే పద్ధతి పన్నులు వసూలు చేసే ప్రభుత్వాలకు కావలసినది.

ఆ పద్ధతి ఈ తీరానికి రెండు అంచెల్లో వచ్చింది. కేప్ కాలనీలో బ్రిటిషు పాలన నచ్చక ఎడ్లబండ్ల మీద ఉత్తరానికి వలస వచ్చిన బోయర్లు, అంటే డచ్చి సంతతి రైతులు, జులు రాజు డింగానెతో యుద్ధం చేసిన తర్వాత ఇక్కడ ఒక గణతంత్రాన్ని స్థాపించుకొని దానికి నటాలియా అని పేరు పెట్టారు. పోర్చుగీసు మాటకు లాటిన్ తోక తగిలించి, దేశాల పేర్ల వరసలో అది ఒదిగేలా చేశారన్నమాట. ఆ గణతంత్రం ఎక్కువ కాలం బతకలేదు. 1843లో బ్రిటన్ ఆ ప్రాంతాన్ని కలుపుకొని తోకను తీసివేసింది. తొలుత కేప్ కాలనీలో భాగంగా పాలించి, 1856లో నటాల్‌ను ప్రత్యేక వలసరాజ్యంగా చేసింది. ఉత్తరాన తుగేలా నదికి ఆవలి జులు రాజ్యం మాత్రం 1879 యుద్ధం దాకా స్వతంత్రంగానే నిలిచింది. ఆ రాజ్యాన్ని బ్రిటన్ 1887లో వశం చేసుకొని, జులులాండ్ అని ఇంగ్లీషు పద్ధతిలో పిలుస్తూ, 1897లో నటాల్‌లో విలీనం చేసింది. 1910లో దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడినప్పుడు ఈ మొత్తం నటాల్ ప్రావిన్సు అయింది. జులు అనే మాట అధికారిక ప్రావిన్సు పేరులో ఎక్కడా మిగలలేదు.

ఇక మొదటి సగం సంగతి. జులు భాషలో ఇజులు అంటే ఆకాశం. జులు అనేది ఒక వంశకర్త పేరు కూడా. ఆయన సంతతివారే జులు వంశీయులు. బంటూ భాషల్లో సాధారణంగా నామవాచకానికి ముందు దాని తరగతిని తెలిపే ఉపసర్గ చేరుతుంది. తెలుగులో విభక్తి ప్రత్యయాలు మాట చివర చేరుతుండగా, అక్కడ పని చాలావరకు మాట మొదట జరుగుతుంది. జులు అనే ప్రాతిపదిక ఒక్కటే ఉంటుంది. మనుషులను అన్నప్పుడు అమాజులు, భాషను అన్నప్పుడు ఇసిజులు, ఆ వంశానికి చెందిన చోటు అన్నప్పుడు క్వాజులు అవుతుంది. క్వా అనే ఉపసర్గ ప్రధానంగా వ్యక్తుల పేర్లకు ముందు వచ్చి, ఫలానావారి నివాసం, ఫలానావారి దగ్గర అనే అర్థాన్నిస్తుంది. కాబట్టి క్వాజులు అనే మాటను జులు దేశమని అనువదించడం కన్నా జులువారి ఇల్లని అనడమే దాని అసలు భావానికి దగ్గర. ఆఫ్రికాన్స్ భాష తన లేఖన పద్ధతిలో ఇదే మాటకు వేరే వర్ణక్రమం పెట్టుకొని, లాండ్ అనే మాట చేర్చింది. ఇంగ్లీషు కూడా లాండ్ చేర్చుకుంది. అలా యూరోపు భాషలు నేలను చెప్పగా, జులు భాష కుటుంబాన్ని చెప్పింది.

ఈ మాటకు అధికారిక హోదా వచ్చిన తీరు మాత్రం అంత గౌరవప్రదమైనది కాదు. వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతి ప్రజలను భాషల వారీగా విడదీసి, ఒక్కో జాతికి ముక్కలుముక్కలుగా ఉన్న కొంత నేలను కేటాయించి, దానిని వారి సొంత దేశంగా చూపించే విధానాన్ని అమలు చేసింది. బంటుస్తాన్లు అని పిలిచిన ఆ ప్రాంతాల్లో జులువారికి కేటాయించిన దాని పేరే క్వాజులు; 1970లో ప్రాదేశిక సంస్థగా మొదలై, 1977లో స్వపరిపాలన హోదా పొందిన ఈ ప్రాంతానికి మంగోసుతు బుతెలేజి ముఖ్యమంత్రిగా ఉన్నారు. పటం మీద అది ఒక్క చోట కాక, నటాల్ నిండా చెదిరిన అనేక ముక్కలుగా కనిపించేది. అందువల్ల 1990ల ఆరంభంలో కొత్త రాజ్యాంగం కోసం చర్చలు జరిగినప్పుడు రెండు పేర్లకూ మచ్చ ఉంది: నటాల్ వలసపాలన జ్ఞాపకం, క్వాజులు వర్ణవివక్ష జ్ఞాపకం. అయినా జులు రాజవంశానికీ బుతెలేజి నాయకత్వంలోని ఇంకాతా పార్టీకీ క్వాజులు అనే మాట జులు రాజు షాకా కాలం నాటి రాజ్యానికి గుర్తే తప్ప, ప్రిటోరియా అధికారులు గీసిన ముక్కల పటానికి కాదు. తొలి ప్రజాస్వామ్య ఎన్నికల్లో ఇంకాతా పాల్గొంటుందో లేదో తేలక దేశం ఊపిరి బిగపట్టిన 1994 తొలి నెలల్లో, తాత్కాలిక రాజ్యాంగంలో నటాల్ అని ఉన్న చోట రెండు పేర్లనూ చేర్చారు. ఆ పత్రంలో వాటి మధ్య ఉన్నది హైఫన్ కాదు, ఏటవాలు గీత. ఇదో అదో అన్నట్టు కనిపించే ఆ గీత 1996 నాటి శాశ్వత రాజ్యాంగంలో హైఫన్‌గా మారింది. రాజకీయ ఒప్పందం ఒక విరామచిహ్నంలో ఇమిడిన సందర్భాలు చరిత్రలో ఎన్నో ఉండవు.

హైఫన్‌తో కూడిన పేరు కూడా అన్ని భాషల్లోనూ ఒకేలా లేదు. జులు పాఠంలో అది ఇక్వాజులు-నటాలి. అంటే పోర్చుగీసు మాట చివర అచ్చు చేరింది, ముందు ఇ అనే ఉపసర్గ చేరింది. జులు అజంత భాష. మాటలు అచ్చుతో ముగియాలి. తెలుగు పాఠకులకు ఇది వింత కాదు, బస్సు, బెంచీ, బ్యాంకు లాంటి మాటలకు చివర అచ్చు చేర్చిన భాషకు ఆ అవసరం బాగా తెలుసు. ముందు చేరిన ఇ మాత్రం తెలుగులో పోలిక లేనిది. పరాయి మాటకైనా ఒక నామతరగతి కేటాయించనిదే జులు వాక్యంలో దాని మీద క్రియను నిలపలేరు.

ప్రావిన్సులోని నగరాల పేర్లలో ఈ రెండు ప్రపంచాల పోటీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద నగరమైన డర్బన్‌ను పూర్వం పోర్ట్ నటాల్ అనేవారు. 1835లో కేప్ గవర్నరు సర్ బెంజమిన్ డర్బన్ పేరు దానికి పెట్టారు. జులు మాట్లాడేవారు దాన్ని ఎథెక్విని అంటారు. ఇథెకు అంటే సముద్రపు నీరు లోపలికి చొచ్చుకువచ్చిన అఖాతం. ముందు ఎ, చివర ఇని చేరగా అఖాతం దగ్గర అనే అర్థం వస్తుంది. నగరపాలక సంస్థ 2000లో ఎథెక్విని పేరుతో ఏర్పడింది గానీ, నగరం మాత్రం డర్బన్‌గానే కొనసాగుతోంది. అందువల్ల ఒకే చోట పన్ను రసీదు మీద ఒక పేరు, విమాన టికెట్టు మీద మరో పేరు ఉంటాయి. ఈ మాటలోని థ ధ్వనిని ఇంగ్లీషు పాఠకులు తమ భాషలోని దంత్య ఊష్మధ్వనిగా తప్పు చదువుతారు. ఒత్తక్షరం ఉన్న తెలుగు లిపి ఈ విషయంలో రోమను లిపి కన్నా మెరుగు. నది పేరు ఉథుకేలాను బ్రిటిషువారు తుగేలాగా రాయడానికీ ఇలాంటి కారణమే ఉంది. జులు భాషలో అచ్చుల నడుమ వచ్చే ఒక రకం క మెత్తగా, ఇంచుమించు గ లాగా వినిపిస్తుంది. వలస అధికారి చెవికి విన్నది కాగితం మీదికి ఎక్కింది. ఇటీవలి దశాబ్దాల్లో ప్రభుత్వం సవరించిన పేర్లలో చాలా వరకు కొత్త పేర్లు కావు, పాత పేర్లకు సరైన వర్ణక్రమాలే.

రాజధాని పీటర్‌మారిట్స్‌బర్గ్ సంగతి మరీ విడ్డూరం. బోయర్ నాయకుడు పీట్ రెటీఫ్ పేరు మీద ఆ ఊరు వెలసింది; మరో నాయకుడు గెర్ట్ మారిట్స్ పేరు కూడా అందులో కలిసిందని చెబుతారు. రెటీఫ్ 1838 ఫిబ్రవరి 6న, భూమి ఒప్పందం కోసం వెళ్లిన తన బృందంతో సహా, డింగానె రాజధానిలో ఆ రాజు ఆజ్ఞ మీద హతుడయ్యాడు. ఆ రాజధాని పేరు ఉంగుంగుండ్లోవు. పేరులో ఏనుగు అనే అర్థమిచ్చే మాట ఉంది. ఏనుగు జులు రాజుకు బిరుదు. తర్వాత బోయర్లు దక్షిణాన తమ పట్టణం కట్టుకున్నప్పుడు, జులు ప్రజలు ఆ కొత్త అధికార కేంద్రాన్నీ ఉంగుంగుండ్లోవు అనే పిలిచారు. ఎవరి స్మృతి కోసం యూరోపు పేరు పెట్టారో, ఆయన ప్రాణం పోయిన చోటి పేరే ఆ నగరానికి జులు పేరైంది. నేడు ఆ నగరం చుట్టూ ఉన్న జిల్లా పాలనా విభాగానికి అధికారికంగా ఉంగుంగుండ్లోవు అనే పేరు ఉండగా, నగరం మాత్రం పీటర్‌మారిట్స్‌బర్గ్‌గానే నిలిచింది. సులువుగా వాడేవారు మారిట్స్‌బర్గ్ అని కత్తిరించుకొని అంటారు, అప్పుడు రెటీఫ్ పేరే జారిపోతుంది. రెటీఫ్ హతుడైన 1838లోనే డిసెంబరు 16న బోయర్లకూ జులు సైన్యానికీ జరిగిన యుద్ధాన్ని బోయర్ల పక్షంవారు బ్లడ్ రివర్, అంటే నెత్తుటి నది అని, జులువారు న్‌చోమె అని వేర్వేరుగా పిలుస్తారు. నదికి రెండు ఒడ్డులా రెండు వేర్వేరు స్మారకాలు ఉన్నాయి. ఆ తేదీ సెలవు పేరు కూడా ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చి, 1994 తర్వాత సయోధ్య దినంగా స్థిరపడింది. పశ్చిమాన సరిహద్దుగా నిలిచిన పర్వతాల పేరు ఆఫ్రికాన్స్ భాషలో డ్రాగన్ కొండలు, జులులో ఈటెల వరుస అనే అర్థమిచ్చే ఉఖాహ్లాంబ, సోథో భాషలో మలోతి.

మిగతా ప్రావిన్సుల్లో ఇంత సంక్లిష్టత అన్ని చోట్లా లేదు. ఫ్రీ స్టేట్ ఆఫ్రికాన్స్‌లో ఫ్రేస్టాట్, జులులో ఇఫ్రెయిస్టాటా. ధ్వని మార్పే తప్ప అర్థం మీద తగవు లేదు. నార్త్ వెస్ట్ అంటే దిక్కు, అది త్స్వానా భాషలో బొకోనె బొఫిరిమ. బొఫిరిమ అంటే పొద్దుగూకే వైపు. ఈస్టర్న్ కేప్‌ను సోథో భాషలో కాపా బొట్జాబెలా అంటారు, అంటే పొద్దుపొడిచే వైపు కేప్. షోసా భాష మాత్రం ఇక్కడ ఆగి చూడవలసిన పని చేసింది. ఈస్టర్న్ కేప్‌కు ఇంపుమా-కొలొని, వెస్టర్న్ కేప్‌కు న్‌ట్షోనా కొలొని అనే పేర్లు షోసా వాడుకలో ఉన్నాయి. కొలొని అనేది వలసరాజ్యం అనే అర్థం గల డచ్చి మాట. ఇంగ్లీషు పేరు భౌగోళికమైన కేప్‌ను, అంటే సముద్రంలోకి చొచ్చిన కొనను చెప్పగా, ఆ వలసరాజ్యంతో వంద ఏళ్ల పాటు సరిహద్దు యుద్ధాలు చేసిన షోసా ప్రజల భాష, తూర్పు వలసరాజ్యం, పడమటి వలసరాజ్యం అని గుర్తుపెట్టుకుంది. వలసపాలన పోయి తరాలు గడిచినా ఆ మాట ప్రావిన్సు పేరులో నిలిచి ఉండడాన్ని వ్యంగ్యం అనాలో నిక్కచ్చితనం అనాలో చెప్పడం కష్టం.

బంగారం ప్రాంతమైన గౌటెంగ్‌ది మరో తీరు. 1886లో విట్వాటర్స్‌రాండ్ గుట్టల్లో బంగారు గనులు బయటపడినప్పుడు డచ్చి భాషలోని బంగారం మాట సోథో-త్స్వానా భాషల్లోకి గౌటాగా ప్రవేశించి, చోటును సూచించే ఙ్ అనే చివరి ధ్వనిని చేర్చుకొని, బంగారం ఉన్న చోటు అయింది. 1994లో ఆ ప్రావిన్సు రెండు ఊళ్లు, ఒక గుట్టల వరస పేర్ల మొదటి అక్షరాలతో పీడబ్ల్యూవీ అనే పొడి పేరుతో మొదలై, మరుసటి ఏడాదే గౌటెంగ్‌గా మారింది. ఈస్టర్న్ ట్రాన్స్‌వాల్ మ్పుమలంగాగా మారిందీ అప్పుడే. జులు, స్వాజీ భాషల్లో ఈ మాటకు సూర్యుడు బయటికి వచ్చే వైపు, అంటే తూర్పు అని అర్థం. అందువల్ల జులు భాషలో ఈస్టర్న్ కేప్ పేరు రాసినా మ్పుమలంగా అనే మాట రాక తప్పదు. క్వాజులు-నటాల్‌లోనే హామర్స్‌డేల్ దగ్గర మ్పుమలంగా అనే పట్టణం కూడా ఉంది. నార్తర్న్ ప్రావిన్సు మాత్రం లింపోపో అనే నది పేరు కోసం 2002 దాకా ఆగి, రాజ్యాంగ సవరణ ద్వారా 2003లో దాన్ని ఖాయం చేసుకుంది. అక్కడి వెండా ప్రజలు ఆ నదిని వెంబె అంటారు, వారి జిల్లాకు ఆ పేరే ఉంది.

పేరు మార్పుల్లో తెలుగు పత్రికలనూ తికమకపెట్టినది ఈస్టర్న్ కేప్‌లోని పోర్ట్ ఎలిజబెత్. 1818లో మన మీరట్‌లో జ్వరంతో మరణించిన తన భార్య ఎలిజబెత్ జ్ఞాపకార్థం తాత్కాలిక గవర్నరు రూఫేన్ డాంకిన్ 1820లో ఆ పేరు పెట్టాడు. 2021 ఫిబ్రవరిలో ఆ నగరం అధికారికంగా గెబేహా అయింది, నగరం గుండా పారే నదికి షోసాలో ఉన్న పేరు అది. భారత క్రికెట్ జట్టు అక్కడ ఆడిన మ్యాచ్‌ల వల్ల తెలుగు క్రీడా పుటల్లోకి కూడా ఆ పేరు వచ్చింది గానీ, తెలుగులో గెబేహా అని రాసినదానికీ అసలు ఉచ్చారణకూ ఎంతో దూరం ఉంది. మొదటి ధ్వని ఒక క్లిక్, అంటే ఊపిరితిత్తుల గాలితో పని లేకుండా నాలుకను అంగిటికి ఆనించి చటుక్కున విడిచి చేసే హల్లు. జులు, షోసా భాషల్లో మూడు రకాల క్లిక్‌లు ఉన్నాయి. పళ్ల దగ్గర నాలుకతో చేసే రకం తెలుగునాట అయ్యో పాపం అన్నప్పుడు చేసే చప్పుడు లాంటిది, బుగ్గ పక్కన చేసే రకం బండివాడు ఎద్దులను అదిలించే చప్పుడు లాంటిది. మన దగ్గర జాలికీ అదిలింపుకూ పరిమితమైన చప్పుళ్లు అక్కడ మాటల్లోని అక్షరాలు. రోమను లిపి వాటికి సి, క్యూ, ఎక్స్ అక్షరాలను కేటాయించింది గానీ తెలుగు లిపిలో అటువంటి ఏర్పాటు లేదు. న్‌చోమె అని పైన రాసిన పేరులోనూ ఉన్నది చ కాదు, ఇలాంటి క్లిక్కే.

తెలుగువారికి ఈ ప్రావిన్సుతో ఉన్న సంబంధం క్రికెట్ కన్నా చాలా పాతది. చెరకు తోటల్లో పనికి జులువారు ముందుకు రాకపోవడంతో, తోటల యజమానులు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించుకోవడానికి ప్రభుత్వాన్ని ఒప్పించారు. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న పోర్ట్ నటాల్ చేరింది. 1911లో ఈ వలస ఆగిపోయే నాటికి 1,52,184 మంది వచ్చారు. వారిలో తమిళ జిల్లాల వారితో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారూ ఉన్నారు. ఓడ ఎక్కించే ముందు గుమాస్తాలు ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసుకున్న జాబితాలు నేటికీ ఉన్నాయి. విన్నట్టుగా ఇంగ్లీషులో రాసిన ఆ ఊళ్ల పేర్లు అనేకం ఇప్పుడు ఏ పటంలోనూ పోల్చుకోలేనివిగా మారాయి. నాయుడు అన్న మాట కూడా చివర దీర్ఘం తీసుకొని నాయిడూ అనే ఇంటిపేరుగా తరతరాలకు స్థిరపడింది. పేరును విన్న చెవి, రాసిన చేయి ఎవరివి అన్నదాని మీద దాని భవిష్యత్తు ఆధారపడిందనడానికి జులు నదుల పేర్లతో పాటు ఈ జాబితాలూ సాక్ష్యమే. 1931లో డర్బన్ తెలుగువారు ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో విభాగం, అధికార భాషలు కాకపోయినా గౌరవించి ప్రోత్సహించవలసిన సమాజ భాషల్లో తెలుగును పేరుపెట్టి చేర్చింది. ఆ గౌరవం పొందిన భాష పేరు అక్కడి ఇంగ్లీషు పాఠంలో రెండో అచ్చు తప్పి, తెలెగు అని అచ్చయింది.

ఇంత చరిత్ర ఉన్న ప్రావిన్సులో నటాల్ అనే సగాన్ని తీసివేయాలన్న కోరిక అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. జులు రాజవంశ అభిమానులకు అది వలసపాలన గుర్తు కనుక తొలగించదగినది. ప్రావిన్సులోని భారతీయ సంతతివారిలో, తెల్లవారిలో చాలామందికి తమ పూర్వీకులు వచ్చి చేరిన నేలకు ఉన్న ఏకైక పేరు అదే. 1894లో గాంధీ చొరవతో పుట్టిన సంస్థ పేరు నటాల్ ఇండియన్ కాంగ్రెస్. హక్కుల కోసం పోరాడినవారూ ఆ పేరుతోనే పోరాడారు. అందువల్ల ఆ మాటను వలసపాలకుల సొత్తుగా మాత్రమే లెక్కవేయడం చరిత్రకు న్యాయం కాదు. 2004లో రెండు విశ్వవిద్యాలయాలను కలిపినప్పుడు కూడా క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం అనే పూర్తి పేరే ఎంచుకున్నారు. అడవిలో ఈ గొడవ లేదు. మన వాక్కాయకు దగ్గరి బంధువైన ముళ్ల పొద నటాల్ ప్లమ్ అని ఇంగ్లీషులో, అమాథుంగులు అని జులులో రెండు పేర్లతోనూ కాస్తూనే ఉంటుంది.

ఊరి పేరో నది పేరో మార్చాలంటే 1998 చట్టం కింద ఏర్పడిన భౌగోళిక నామాల మండలి పరిశీలించి సిఫారసు చేయగా, మంత్రి ఆమోదిస్తే చాలు. ప్రావిన్సుల పేర్లు మాత్రం రాజ్యాంగం 103వ విభాగంలో ఉన్నాయి కనుక, మార్పు కోసం జాతీయ సభలో మూడింట రెండు వంతుల మద్దతు, ప్రావిన్సుల మండలిలో తొమ్మిదింటిలో కనీసం ఆరు ప్రావిన్సుల సమ్మతి, సంబంధిత ప్రావిన్సు శాసనసభ ఆమోదం ఉండాలి. క్వాజులు-నటాల్ విషయంలో ఇప్పటిదాకా అటువంటి సవరణ జరగలేదు. వాడుకలో ప్రజలు ఈ చిక్కును కేజెడ్‌ఎన్ అనే మూడక్షరాల పొట్టిపేరుతో దాటివేస్తున్నారు. అంతర్జాతీయ ప్రామాణిక సంకేతాల పట్టికలో ఈ ప్రావిన్సుకు చాలా ఏళ్లు ఎన్ఎల్ అనే పాత నటాల్ సంకేతమే కొనసాగి, తర్వాతే కేజెడ్‌ఎన్ వచ్చింది. వాహనాల నంబరు పలకల మీద కూడా డర్బన్‌కు ఎన్‌డీ, పీటర్‌మారిట్స్‌బర్గ్‌కు ఎన్‌పీ అంటూ మొదటి అక్షరం నటాల్‌దే ఉండేది. 2023 డిసెంబరులో వచ్చిన కొత్త పలకల మీద ఆ అక్షరం చివరికి జరిగి, క్వాజులులోని జెడ్‌తో కలిసి జెడ్‌ఎన్ అయింది.